తీసివేత రాని మాస్టారు

మాస్టారు పోయారన్న మాట నాకు కొట్టులో, చింతపండు తూకం మధ్యలో తెలిసింది. వాళ్ల వీధిలో ఉండే రిక్షా అతను బస్తా దించుతూ, "మీ ఫిజిక్స్ మాస్టారు తెల్లారి కాఫీ తాగుతా తాగుతా అలగే వాలిపోయేరంటండి. బేగి ఎల్లండి" అన్నాడు. కాటా ముల్లు ఇంకా ఊగుతోంది. అది ఆగేదాకా చూశాను. అంకె రాశాను. తర్వాతే చెప్పులు వేసుకున్నాను. దారిలో నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఒక విషయం ఇన్నాళ్లూ మా ఇద్దరికే తెలుసు. ఇకమీదట నా ఒక్కడికే తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా నర్సీపట్నంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నేను ఏడో తరగతితో బడి మానేసి, కొండ సరుకు కొనే కొట్టులో గుమాస్తాగా కుదిరినవాణ్ని. చింతపల్లి వైపు నుంచి దిగే చింతపండు, పసుపు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు మా సరుకు. ఏ రోజు లెక్క ఆ రోజు తేడా లేకుండా ముగించడం నా పని. మాలాంటి ఇద్దరికి స్నేహం కుదరడానికి కారణం పొట్లాలు కట్టే కాగితం.

కొట్టుకు పాత పుస్తకాలు కిలోల చొప్పున వచ్చేవి. చింపే ముందు చదవడం నా అలవాటు. నాకున్న చదువంతా అలా వచ్చిందే. తొంభైల మధ్యలో ఒక రోజు సైన్సు పుస్తకంలో పేజీ ఒకటి నా చేతికి వచ్చింది. మొదట్లో ఈ విశ్వమంతా మహా వేడిగా, ఒకటే ముద్దగా ఉండేదనీ, దానికి బయట అంటూ ఏదీ లేదనీ, ఆ వేడి చల్లారుతూ చల్లారుతూ ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ మనమీద పడుతూనే ఉందనీ అందులో ఉంది. తర్వాతి పేజీ లేదు. దాంట్లో అప్పటికే ఎవరికో పసుపు కట్టి ఇచ్చేశాను.

బయట లేకపోవడం ఏమిటి? కొట్టుకు బయట వీధి ఉంది. వీధికి బయట ఊరు, ఊరికి బయట కొండలు. అలా తలచుకుంటూ వెళ్లి ఆ చివరకు చేరేసరికి కాళ్ల కింద ఏమీ లేనట్టుండేది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తున్నారు. కాగితం చదివి, నా ముఖం చూశారు.

"ఇది నిజవేనాండి?" అన్నాను.

"భయం ఏసిందేటండీ?"

"ఏసిందండి."

"కూచోండి. ఇన్నేళ్లు ఈ పాఠం సెప్పేను, ఒక్కడికీ భయం ఎయ్యలేదు. ఇది ఎన్ని మార్కులకొస్తాదండీ అని అడిగేరు." కొన్ని కాయలు నా ముందుకు తోశారు. "భయం ఎయ్యలేదంటే అర్థం కాలేదన్నమాట. ఒలవండి."

చిన్నాపెద్దా లేకుండా అందరినీ మీరు అనేవారు. నన్ను చివరిదాకా 'గుమాస్తా గారూ' అనే పిలిచారు. మొదట వెక్కిరింతేమో అనుకున్నాను. కూరలమ్మే ఆవిణ్ని కూడా 'అమ్మా, మీరు' అనడం విన్నాక ఆ అనుమానం పోయింది.

ఆ వేడిని చూడొచ్చా అని అడిగితే, చూడ్డం కుదరదు కానీ కొలవొచ్చు, ఒక రేకు గరాటు ఉంటే చాలు అన్నారు. నేను నవ్వులాటకు అన్నారనుకున్నాను. రెండు నెలల తర్వాత వాళ్ల డాబా మీద నిజంగానే గరాటు లేచింది. మనిషి పట్టేంత మూతి, ఆకాశం వైపు నోరు తెరుచుకుని. రేకుల పనివాడు కొలతలు తీసుకుని అతికాడు. కేబుల్ టీవీ అతను పాత డిష్‌లోంచి విప్పిన, సిగ్నల్ పట్టే చిన్న డబ్బా ఇచ్చాడు. దాన్ని గరాటు మెడలో బిగించి, ముల్లున్న మీటరుకు కలిపారు.

పని చెప్పడానికి తేలికే. ముందు ఆకాశం వైపు పెట్టి ముల్లు ఎక్కడుందో నేను నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాత మూతికి తడి గోనెసంచి కప్పి రాసుకోవాలి. అది వేడి కొలత. వారానికోసారి చలి కొలత; ఈ రెంటితో పోల్చి ఆకాశం కొలత తేల్చాలి. దానికి పశువుల ఆసుపత్రిలో ఆబోతుల వీర్యం దాచే ద్రవ నైట్రోజన్ కావాలి. పొగలు కక్కే ఆ డబ్బా కోసం మాస్టారు వెళ్లి నిలబడితే అక్కడి కాంపౌండరు అన్నాడట, "మేం ఆబోతుల ఇత్తనం దాస్తాం, మీరు దేవుడి ఇత్తనం ఎతుకుతున్నారు. ఏదైనా ఇత్తనవే కదండీ, అట్టుకెల్లండి." ఈ కబురు చెప్పి చాలాసార్లు నవ్వేవారు.

ఊరు కూడా నవ్వుకుంది. ఆయనతో పాటు పనిచేసిన లెక్కల మాస్టారు సాయంత్రాలు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. "ఉపగ్రహం ఎక్కించి కొలిసేసేరు కదయ్యా. ఇంకా నీ గరాటెందుకు?" అనేవారు. "పక్కింటోడు తిన్నాడని మన ఆకలి తీరతాదేటి?" అని మాస్టారు.

నాకు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక బెదురు. అవి అడవి వైపు నక్సలైట్ల వార్త రోజూ ఏదో ఒకటి వినపడే రోజులు. ఒకనాడు కానిస్టేబుల్ ఒకతను వచ్చి డాబా ఎక్కి, గరాటు చుట్టూ తిరిగి, అంకెలు రాసిన నా నోటుబుక్కు తిరగేశాడు.

"మాస్టారూ, దీంతోటి అడివిలో ఎవులికేనా ఏటైనా పంపుతున్నారేటండీ?"

"పంపడం లేదు బాబూ. వచ్చీదాన్ని పట్టుకుంటన్నాం."

"ఎక్కడినుంచొస్తందండీ?"

"అన్ని పక్కలనుంచీ."

అతను నలువైపులా చూశాడు. కొండల వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు. నా చేతులు వణకడం గమనించి, "ఈయనెందుకలా వొణుకుతున్నాడు?" అన్నాడు. "ఆయనకి విషయం తెలుసు కాబట్టి" అన్నారు మాస్టారు. ఆ కానిస్టేబుల్ మాస్టారి పాత విద్యార్థే కావడం వల్ల అంతటితో పోయింది. నోటుబుక్కులో అంకెలకు అర్థం చెప్పాల్సి వస్తే ఏం చెప్పాలో నేర్చుకోమన్నారు నాకు. అలా నాకు లెక్క నేర్పారు. ఆకాశం నుంచి వచ్చే మొత్తంలోంచి గాలి వాటా తీసెయ్యాలి, నేల వాటా తీసెయ్యాలి, యంత్రం సొంత రొద తీసెయ్యాలి.

"తీసేస్తే ఏటి రావాలండి?" అన్నాను.

"అది మీకు సెప్పను. సెబితే మీ సెయ్యి అటే పోద్ది. మీరు రాయండి. ఏడాది పోయేక నాను సూస్తాను."

ఆ ఏడాది మొదట్లోనే ఆయన డాబా మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. నడవడం వచ్చింది కానీ మెట్లెక్కడం పోయింది. అప్పటినుంచి పైకి వెళ్లేది నేనొక్కణ్నే. కొట్టు తెరవకముందు, తెల్లవారే వేళకు వెళ్లేవాణ్ని. ఆయన కర్ర పట్టుకుని కింద మెట్టు దగ్గర నిలబడేవారు. "ముల్లు ఆగిందాండీ?" అని కింద నుంచి కేక. "ఆగిందండి" అని పైనుంచి నేను. ఏడాది పాటు మా ఇద్దరి మధ్య నడిచిన పరిశోధన అదే.

ఇక నా సంగతి.

ఆయన నేర్పిన తీసివేత నేను ఏ రోజుకారోజు చేసి చూసుకునేవాణ్ని. అడగలేదు కానీ అలవాటు. అన్నీ తీసేశాక ప్రతిరోజూ కొద్దిగా మిగిలేది. కొద్దిగానే. రోజూ ఇంచుమించు అంతే. ఆ మిగిలిందే ఆయన వెతుకుతున్నదని నాకు తెలియదు. ఆ వేడి ఎప్పుడో ఒకనాడు తోకచుక్కలా కనిపిస్తుందని అనుకునేవాణ్ని. కొట్టులో పాతికేళ్లుగా నేను నేర్చుకున్నది ఒకటే. లెక్కలో రోజూ ఒకే తేడా వస్తుంటే తప్పు సరుకుది కాదు, గుమాస్తా కంటిది.

మీటరు ముల్లు రెండు గీతల మధ్య ఆగుతుంది. పై గీత అన్నా, కింది గీత అన్నా అబద్ధం అనిపించదు. నేను కింది గీత రాయడం మొదలుపెట్టాను. అప్పటికీ మిగిలితే ఇంకాస్త కిందకు చూశాను. పది రోజులు పోయేసరికి నా కన్ను దానంతటదే కిందకు చూడటం నేర్చుకుంది. తేడా పోయింది. లెక్క కుదిరింది. ఎంత హాయిగా కొట్టుకు వెళ్లేవాణ్నో ఆ ఏడాదంతా.

ఏడాది నిండాక మాస్టారు నోటుబుక్కు తీసుకుని మూడు రోజులు లెక్క కట్టారు. నాలుగో రోజు నన్ను కూర్చోబెట్టి, "ఏటీ రాలేదండీ. ఆ మొదటి వేడి మూడు డిగ్రీలకి కాస్త తక్కువ మిగలాలి. అన్నీ తీసేసేక అదే మిగలాలి. సున్నా వచ్చింది" అన్నారు.

మిగలాలి అన్న మాట దగ్గరే నేను రోజూ దించుతూ వచ్చింది ఏమిటో నాకు అర్థమైంది. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

తర్వాత నాలుగు నెలలు నేను చూసింది ఎలా చెప్పాలో తెలియదు. ఆయన తప్పు కోసం వెతికారు. గరాటు దింపించి అతుకులన్నీ మళ్లీ వేయించారు. మీటరు మార్చారు. లోపల పిచ్చుక గూడు ఉందేమోనని నన్నే తల దూర్చి చూడమన్నారు. పశువుల ఆసుపత్రికి వెళ్లి డబ్బా సరిగ్గా మూస్తున్నారా అని అడిగి, ఆ కాంపౌండరుతో మాట పడి వచ్చారు. చివరకు తన లెక్క మీద అనుమానం వచ్చి మొత్తం తిరగరాశారు, మూడుసార్లు. అన్నం దగ్గర కూడా వేళ్లతో నేల మీద అంకెలు వేసేవారు. రేకును అనుమానించారు, గాలిని అనుమానించారు, తనను తాను అనుమానించారు. నన్ను మాత్రం అనుమానించలేదు. ఒక్కరోజు కోపంగా చూసినా నేను బయటపడిపోయేవాణ్నేమో.

విశాఖపట్నంలో ఒక ప్రొఫెసర్‌ను ఎవరో పరిచయం చేశారు. ఏమీ దొరకలేదన్నదే అయినా సరే, చేసింది చూపించి రావాలని మాస్టారి పట్టుదల. "ఉన్నది ఉన్నట్టు సెప్పడవే పని. లేకపోతే లేదని సెప్పాలి" అన్నారు. కాగితాలు శుభ్రంగా రాశారు. పైన తన పేరు, కింద నా పేరు. నా పేరు అంత గుండ్రంగా అంతకుముందెవరూ రాయలేదు. దాని కింద ఉన్నదంతా అబద్ధం.

ఆయన వెళ్లే రోజు బస్సు కాంప్లెక్సుకు కర్రా సంచీ పట్టుకుని వెంట వెళ్లాను. లెక్కల మాస్టారు కూడా తోడు వెళ్తున్నారు. ఆయన బస్సులో సీటు ఆపడానికి ముందే ఎక్కేశారు. డ్రైవరు ఇంజను వేశాడు. మాస్టారు ఒక కాలు మెట్టు మీద పెట్టారు. నేను సంచి ఇవ్వకుండా పట్టుకుని ఉండిపోయాను.

"ఇవ్వండి గుమాస్తా గారూ."

"నాను తప్పు రాసేనండి" అన్నాను.

ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. కాలు కిందకు దించారు. నేను మొత్తం చెప్పాను. గీతల సంగతి, కింది గీత సంగతి. తల ఎత్తకుండా చెప్పాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ముల్లు ఎంత దించేరు?" అన్నారు.

"ఒక గీతండి. ఒక్కోరోజు ఇంకొంచెం."

జేబులోంచి పెన్సిలు తీసి, బస్సు ఒంటికే కాగితం ఆనించి ఏదో వేశారు. ఇంజను వణుకుకు అంకెలు వంకరపోయాయి. వేసి, దాన్నే మళ్లీ చూశారు. తల ఎత్తినప్పుడు ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. అక్కడున్నది చూస్తే నాకు ఇంకా భయం వేసింది. పసిపిల్లవాడిలా ఉన్నారు.

"వచ్చిందండీ" అన్నారు. "రోజూ వచ్చింది. మీరు రోజూ దాన్ని సూసేరు. సూసి సెరిపేసేరు."

"ఎల్లకండి, ఈ కాగితాలు అట్టుకెల్లకండి" అన్నాను. లోపలి నుంచి లెక్కల మాస్టారు, "ఏవయ్యా, ఎక్కుతావా, నన్నొక్కణ్నే పంపుతావా?" అని అరుస్తున్నారు.

"మాట ఇచ్చేక ఎల్లాలి. ఈ ఏడాది లెక్క పనికి రాదని సెప్పి వచ్చేస్తాను."

"నా పేరు సెప్పీయండి."

సంచి నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. "మీ పేరు కొత్తది గుమాస్తా గారూ. మొదటి మరకే పెద్దగా కనిపిస్తాది. నాది పాత పేరు, మరకలకి అలవాటు పడింది" అని ఎక్కేశారు.

అక్కడ ఆయన చెప్పింది, తీసివేతలో తాను పొరబడ్డానని. లెక్కల మాస్టారు పక్కనే ఉండి విన్నారు. వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. "ఫిజిక్స్ మాస్టారికి తీసివేత రాలేదంట. ఏడాది డాబా మీద గరాటెట్టి, చివరికి ఒకటో తరగతి లెక్క తప్పేడంట." టీ కొట్లో నా ముందే అనుకునేవారు. నేను గ్లాసు కిందపెట్టి వచ్చేసేవాణ్ని. ఒక్కసారైనా అది నేను చేసిన తప్పు అని అనలేదు. అంటే గుమాస్తాగా నాకు ఊళ్లో ఉన్న కాస్త మాట పోతుందని భయం. ఏ లెక్కా తప్పడని పేరున్నవాణ్ని.

మళ్లీ కొలిచాం. ఈసారి నేను అంకె రాయకుండా ముల్లు బొమ్మే గీసి కిందకు పంపాలి, అంకె ఆయన వేస్తారు. అది మాస్టారు పెట్టిన పద్ధతి. మూడు నెలలకు మిగులు కనిపించింది. ఆయన కోరుకున్నంత స్పష్టంగా కాదు, కానీ ఉంది. విశాఖపట్నానికి ఉత్తరం రాశారు. జవాబు లేదు. ఇంకోటి రాశారు. తీసివేత రాని మనిషి ఉత్తరాన్ని ఎవరు విప్పుతారు? ఆ వర్షాకాలం పిడుగు పడి కేబుల్ డబ్బా మాడిపోయింది. గరాటు దింపేశాం. దాన్ని గురించి ఆయన బాధపడినట్టు నేను చూడలేదు. కనపడకుండా పడ్డారో ఏమో. నేను రోజూ సాయంత్రం వెళ్తూనే ఉన్నాను. ఆయన నాకు ఇంగ్లీషు నేర్పారు, గ్రహణాల లెక్క నేర్పారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన ఎత్తనంత కాలం నేను ఎత్తక్కర్లేదని సర్దుకున్నాను. ఎనిమిదేళ్లు.

ఆయన పోయిన పన్నెండో రోజు భోజనాలకు వెళ్లాను. హాల్లో పంక్తి కూర్చుంది. పాత విద్యార్థులు, తోటి లెక్చరర్లు. విస్తరి ముందు కూర్చోలేక లోపలి గదిలో మాస్టారి భార్య, అమ్మగారి దగ్గరకు వెళ్లాను. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. 

హాల్లోంచి లెక్కల మాస్టారి గొంతు వినిపించింది. "ఎంతైనా మంచి మనిషండీ. ఒక్క తీసివేతే రాలేదు పాపం."

నవ్వులు వినపడ్డాయి. చెడ్డ నవ్వులు కావు, ఇష్టంగా నవ్వినవే. అమ్మగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నిజవే బాబూ. గ్యాసు బండ వచ్చి ఎన్ని రోజులైందో కూడా నానే లెక్క సూసీదాన్ని. మీకు తీసివేత రాదు కదా, ఊరుకోండి అనీదాన్ని."

"ఆయనేటనీవోరండి?"

"ఏటంటారు. ఆయనా నవ్వీవోరు."

అప్పుడు చెప్పాను. బస్సు దగ్గర చెప్పినట్టే, నేల చూస్తూ చెప్పాను. ముల్లు, గీతలు, కింది గీత. ఆవిడకు ఎంత అర్థమైందో తెలియదు. నేను ఆగాక కొంగు అంచు మడిచి విప్పారు.

"నానూ నవ్వేను కదా బాబూ" అన్నారు. "రోజూ నవ్వేను."

కొంగు వదిలి, ఆవిడ నా వైపు తిరిగారు.

"మరి ఎందుకు సెప్పలేదు ఇన్నాళ్లూ?"

"బయవండి."

"ఎవరంటే? ఆయనంటే పిల్లలే బయపడీవోరు కాదు."

  హాల్లో ఎవరో మళ్లీ అదే మాట అన్నారు, ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దదైంది. అమ్మగారు తల అటు తిప్పి, అది ఆగేదాకా విన్నారు.

"నాకు సెప్తే ఏటవుతాది. అక్కడ సెప్పు" అన్నారు.

లేచాను. గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. "అయ్యా" అన్నాను. వడ్డనల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. పంక్తిలో చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. సాంబారు వడ్డించే అతను గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయాడు. లెక్కల మాస్టారు నోటిదాకా తెచ్చిన ముద్దను చేతిలోనే పట్టుకుని, నవ్వు ఇంకా పూర్తిగా పోని ముఖంతో, నా వైపు చూశారు.